నాలుగు కొసలు

మే 19. ఉదయం 5.20. రాజమండ్రి, ఐసియు బయట

ఇది ఆయన డైరీ. రొయ్యల మేత కంపెనీవాళ్ళు జనవరిలో ఇచ్చారు. ప్రతి పేజీ మూలనా ఒక రొయ్య బొమ్మ. ఆయన ఒక్క పేజీ కూడా వాడలేదు. బయల్దేరే కంగారులో ఆధార్ కార్డూ, స్కాన్ కాగితాలూ పెట్టుకోవడానికి చేతికి దొరికిందని తెచ్చాను. డైరీ రాయడం నాకలవాటు లేదు. కానీ డాక్టర్లు అడిగిన ప్రతిసారీ జరిగింది ఒక్కోలా చెబుతున్నాను. ఒకసారి వరసగా రాసుకుంటే మంచిది.

పదిహేడో తారీకు, శనివారం. భీమవరం, మా ఇల్లు. డాబా మీద మాగాయ ముక్కలు ఎండలో ఉన్నాయి. నాలుగింటికి ఉన్నట్టుండి మబ్బు పట్టింది. ముక్కలు తియ్యడానికి ఆయన పైకి వెళ్ళారు. ఇంకో అంతస్తు వేయించాలని పెరటివైపు పిట్టగోడ గురువారమే కొట్టించి ఉన్నారు. ముక్కలు ఆరబోసిన పంచెని లాక్కుంటూ వెనక్కి వెనక్కి నడిచి ఉంటారని అందరూ అనుకుంటున్నారు. పన్నెండడుగుల ఎత్తు. కింద బట్టలుతికే బండ. తల కుడివైపు తగిలింది.

నేను హాల్లో ఉన్నాను. వాన హోరులో నాకేమీ వినపడలేదు.

మా ఇంట్లోనూ పక్కింట్లోనూ పనిచేసే బేబి అప్పుడు పక్కింటి పెరట్లో అంట్లు తోముతోంది. ఆవిడే చూసి అరిచింది.

భీమవరంలో సిటి స్కాన్ తీసి, లోపల రక్తం చేరుతోంది, ఆలస్యం చెయ్యకుండా రాజమండ్రి తీసుకెళ్ళిపొండి అన్నారు. కొవ్వూరు దాటి వంతెన ఎక్కాక చీకట్లో అంబులెన్సు అద్దంలోంచి గోదావరి కనపడలేదు. ఉందని తెలుసు, అంతే. ఆయన ఎడమ చెయ్యి నా చేతిలో ఉంది. నొక్కాను. అది తిరిగి నొక్కలేదు.

ఆపరేషన్ అయింది. డెబ్బై రెండు గంటలు ఆగాలన్నారు. ఇరవై ఎనిమిది గడిచాయి.

మే 20

అత్తగారు ఫోన్ చేశారు. ముక్కలన్నీ పాడైపోయాయట, బేబి ఊడ్చి ఎత్తిందట. ఆ మాటే రెండుసార్లు చెప్పారు. కొడుకు ఎలా ఉన్నాడని అడగడానికి భయమేమో.

మే 24

కళ్ళు తెరిచారు. నన్ను గుర్తుపట్టారు. ఎప్పుడొచ్చారండి, భోజనం చేశారా, అన్నారు.

మే 25

నర్సు తెగ ముచ్చటపడుతోంది. మేడమ్, స్పృహ లేనప్పుడు సూది గుచ్చితే కూడా మీ సారు అబ్బా అనలేదండి, అబ్బా అండి అన్నారు, అని అందరికీ చెబుతోంది.

రాజుల ఇళ్ళలో ఇది వింతేమీ కాదు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళుగా ఆయన నన్ను పిలిచేది సత్య గారూ అనే. మా అమ్మాయి కీర్తిప్రియని కూడా, ఆమె మూడేళ్ళ పిల్లగా ఉన్నప్పటినుంచీ, అండి అనే. ఒక్క మాట తూలి ఎరగరు. వేణుగోపాలరాజు గారి భార్య ఎంత అదృష్టవంతురాలో అని మా కాలేజీలో బోటనీ స్టాఫ్ రూమంతా అంటుంది.

ఆయన నన్ను ఎప్పుడూ ఒక మాట అనలేదు, నిజమే. ఎప్పుడూ ఒక మాట అడగనూ లేదు. అన్నీ నిర్ణయమైపోయాక మర్యాదగా చెబుతారు. పిట్టగోడ కొట్టేస్తున్న సంగతి నాకు తాపీమేస్త్రి చెబితే తెలిసింది.

తలకి కట్టుతో పడుకున్న మనిషి గురించి ఇలా రాయవచ్చా?

మే 27

డాక్టరు ప్రశ్నలు వేశారు. పేరు చెప్పారు. ఊరు చెప్పారు. ఈ రోజు ఏ వారమండి అంటే గురువారం అన్నారు. తేదీ పదిహేను అన్నారు. పిట్టగోడ కొట్టించిన రోజు.

శుక్రవారం, శనివారం ఆయన దగ్గర లేవు. పడడానికి ముందు గంటలు మామూలుగా తిరిగి రావు మేడమ్, వాటికోసం మీరు కంగారుపడొద్దు, అన్నారు డాక్టరు. ఎడమ కాలు, ఎడమ చెయ్యి టైం పడుతుందన్నారు.

శనివారం తిరిగి రాదని విన్నప్పుడు నాకు ముందు కలిగింది దుఃఖం కాదు. అదేమిటో పేరు రాయడానికి చెయ్యి రావడం లేదు.

జూన్ 3. భీమవరం

ఇంటికి తెచ్చాం. ముందు గదిలో మంచం వేశాం. అత్తగారు వరలక్ష్మమ్మ గారు కొడుకు తల మీది కుట్లు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. జుట్టు ఎంత బావుండేదిరా నీకు, అన్నారు. ఆయన నవ్వారు. నోరు కుడివైపే నవ్వింది.

జూన్ 5

బేబి అంట్లు తోముతూ తలెత్తకుండా అంది. ఆ రోజు అయ్యగారు మిమ్మల్ని పిలిచిన పిలుపు నాకు పక్కింటి పెరట్లోకి వినపడిందండి.

వాన కదా బేబీ, అన్నాను.

అవునండి, వానేనండి, అంది. చెవులు అందరికీ ఒక్కలా పనిచెయ్యవు కదండి. మా ఆయనకైతే పక్కలో ఉండి పిలిచినా వినపడదండి, గ్లాసు చప్పుడు మాత్రం వీధి చివరినుంచి వినపడిపోద్దండి.

తనే నవ్వుకుని గిన్నెలు బోర్లించింది. ముఖంలో ఏమీ లేదు. అదే భయంగా ఉంది.

జూన్ 8

మే 19న నేను రాసింది నిజం కాదు. ఎవరూ చూడని కాగితానికి కూడా అబద్ధం చెప్పగలనని నాకు తెలీదు.

శనివారం మూడున్నరకి, అత్తగారు పడుకుని ఉండగా, భోజనాల బల్ల దగ్గర ఆయనకి చెప్పాను. కాకినాడలో ఒక కాలేజీవాళ్ళు వైస్ ప్రిన్సిపాల్‌గా రమ్మన్నారు. ఒప్పుకున్నాను. జూలై ఒకటిన చేరాలి. అక్కడే చిన్న ఇల్లు తీసుకుంటాను. మళ్ళీ ఇక్కడికి ఎప్పుడు వస్తానో, అసలు వస్తానో లేదో తెలీదు. కాలేజీ బస్సులో వస్తూ పోతూ నెల రోజులు కూర్చుకున్న మాటలు. ఆయన మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టారు. మంచిదండి, అన్నారు.

అంతే. మంచిదండి.

ఎందుకు అని అడగలేదు. మా రొయ్యల చెరువులు చూసే బుల్లియ్య ఫోన్ చేసి ఏరేటర్ ఆగిపోయిందంటే ఇంతకంటే నాలుగు ప్రశ్నలు ఎక్కువ వేస్తారు.

అప్పుడు ఉరిమింది. లేచి పైకి వెళ్ళారు.

మాగాయ పంచె ఒక్కరు ఎత్తేది కాదు. మావయ్యగారి పాత గ్లాస్కో పంచె, ఎనిమిది మూరలు. దాని నిండా ముక్కలు పరుస్తాం. తియ్యాలంటే ఆ చివర రెండు కొసలు ఒకరు, ఈ చివర రెండు కొసలు ఒకరు పట్టుకుని, ఒక్కసారే పైకెత్తి, ఎదురెదురుగా నడిచి కలుసుకోవాలి. ముక్కలు మధ్యలోకి జారి మూటవుతాయి. అత్తగారి నడుము పట్టేసిన దగ్గర్నుంచీ అది మా ఇద్దరి పని. ఆయనా నేనూ కలిసి చేసే పని ఈ ఇంట్లో ఏడాదికి అదొక్కటే, మూడు రోజులు.

పైనుంచి పిలిచారు. సత్య గారూ, ఒకసారి రండి. విన్నాను. కుర్చీలోంచి లేవలేదు. మళ్ళీ పిలిచారు. సత్య గారూ. అప్పటికి చినుకులు మొదలయ్యాయి. బల్ల మీద ఆయన గ్లాసు చేసిన తడి గుండ్రం చూస్తూ కూర్చున్నాను. రెండు పిలుపులు. తరవాత బేబి అరుపు.

ఆయన పడాలని కోరుకున్నానా? లేదు. రోజూ వేసుకుంటున్నాను ఈ ప్రశ్న, లేదనే జవాబొస్తోంది. తడవాలని మాత్రం కోరుకున్నాను. ముక్కలు, పంచె, ఆయన, అన్నీ తడిసిపోవాలని. నేను లేని రెండు కొసలు ఎలా ఉంటాయో ఒక్కసారి ఆయనకి తెలియాలని.

పిట్టగోడ లేదన్న సంగతి ఆ నిమిషంలో నాకు గుర్తుందా? ఇది తేలడం లేదు. ఎంత వెతికినా తేలడం లేదు.

జూన్ 20

కాకినాడ ఫోన్ చేశాను. ఇంట్లో పరిస్థితి చెప్పాను. ప్రిన్సిపాల్ గారు మంచావిడ. సెప్టెంబరు ఒకటి దాకా ఆగుతాం మేడమ్, ఆ తరవాత మా చేతుల్లో ఉండదు, అన్నారు. సెప్టెంబరు ఒకటి, తప్పకుండా, అన్నాను.

రానని ఎందుకు చెప్పలేదు? వరండాలో నిలబడి మాట్లాడాను. ఆయన నిద్రలో ఉన్నారు. గది కిటికీ తెరిచే ఉంది.

జూన్ 24

ఫిజియోథెరపీకి జ్ఞానప్రకాశం అని ఒకాయన వస్తున్నారు, పాలకొల్లునుంచి బండి మీద. నోరు మూత పడదు. రాజు గారూ, ఆ ఎడం చెయ్యి మీదేనండి, పక్కింటివాళ్ళది కాదు, కాస్త పలకరించండి, అంటారు. ఆయన బుద్ధిగా ఆ చేతివంక చూసి, రండి, అన్నారు. ముగ్గురం నవ్వాం. అత్తగారు లోపల్నుంచి, చేతిని కూడా అండీ అంటాడు నా కొడుకు, అన్నారు.

నేను నవ్వు ఆపుకోవడానికి లోపలికి వెళ్ళి, చాలాసేపు బయటికి రాలేకపోయాను.

జూలై 1

ఈ రోజు నేను కాకినాడలో ఉండవలసింది.

జూలై 9

మాగాయ ఊట ఇంకా ఉంది. ముక్కలు పిండగా వచ్చిన ఉప్పునీళ్ళు, పసుపు పచ్చగా, జాడీలో, గుడ్డ కట్టి. ముక్కల్లేని ఊట ఎందుకూ పనికిరాదు. అత్తగారు పారబొయ్యనివ్వరు. ఈ రోజు బేబి అడిగింది, పెద్దమ్మగారూ, నాకిచ్చెయ్యండి, చేపల పులుసులో పోసుకుంటాను. అత్తగారు కసిరారు.

బేబి వెళ్ళాక నన్ను కూర్చోమన్నారు. నీకు వినపడలేదన్నావు కదమ్మా, అన్నారు. అంటే వాడు పిలవలేదన్నమాట. పిలవకుండా ఒక్కడూ పంచె ఎత్తే మనిషి కాదే వాడు.

నేను నేల చూశాను. ఇప్పుడు అడుగుతారు, ఇప్పుడు చెప్పేస్తాను, అనుకున్నాను.

ఆవిడ అడగలేదు. మామిడికాయలు తెప్పించింది నేను కదమ్మా, అన్నారు. ఈ ఏడు వద్దత్తయ్యా, కొనుక్కుందాం అని నువ్వంటే, కొనుక్కున్న మాగాయ మా ఇంట్లో ఎన్నడూ లేదన్నాను. నేనే కదమ్మా.

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. నా సంగతి చెప్పి ఆవిడని ఆ బరువులోంచి తప్పించవచ్చు. చెప్పలేదు. ఒక ముసలావిడ నా బరువు కూడా మోస్తుంటే పక్కన కూర్చుని చెయ్యి నిమిరాను. నేనెలాంటి మనిషిని?

జూలై 16

కీర్తి ఫోన్. విశాఖలో ఫార్మసీ సెమిస్టర్ పరీక్షలు. అమ్మా, నాన్నగారిని మీరెలా చూసుకుంటున్నారో మా రూమ్మేట్స్‌కి చెబితే ఏడ్చేశారు, అంది.

జూలై 22

రోజూ లేవగానే ఈ రోజు తేదీ ఎంతండి అని అడుగుతున్నారు. డాక్టరు నేర్పిన అలవాటు. పేరు, ఊరు, తేదీ. పేరు, ఊరు ఎప్పుడో మానేశారు. తేదీ మాత్రం వదలడం లేదు. చెబితే తలూపి ఏదో లెక్క చూసుకుంటున్నట్టు ఒక నిమిషం ఊరుకుంటారు. మెదడుకి మంచిదే అన్నారు జ్ఞానప్రకాశం.

ఈ రోజు డాబా మెట్లు నాలుగు ఎక్కారు. డాబా మెట్లే ఎందుకు, వీధిగుమ్మం మెట్లు సరిపోతాయి కదా అన్నాను. పందొమ్మిది ఉన్నాయండి, లెక్కకి బావుంటుంది, అన్నారు.

ఆగస్టు 3

తొమ్మిది మెట్లు.

దిగాక అడిగారు. పిట్టగోడ మళ్ళీ కట్టించేద్దామనుకుంటున్నాను, ఎంత ఎత్తు పెట్టమంటారు? పైన అంతస్తు అసలు కావాలంటారా?

గోడ గుండెల దాకా ఉండాలన్నాను. అంతస్తు వద్దన్నాను. అలాగేనండి అన్నారు. మేస్త్రికి అప్పుడే ఫోన్ చేశారు.

అడిగారు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి నన్ను అడిగారు. సంతోషించాలి. కానీ ఇది మారిన మనిషా, దెబ్బ తగిలిన మెదడా? కాలికి బలం వచ్చినట్టే ఈ అడగడం కూడా తగ్గిపోతుందా? పూర్తిగా నయమైన రోజున మళ్ళీ మర్యాదగా చెప్పడం మొదలుపెడతారా? నయం కాకూడదని కోరుకునే భార్య ఎవరైనా ఉంటారా?

ఆగస్టు 14

ఈ రోజు చెప్పేద్దామని వెళ్ళాను. పేపరు చదువుతున్నారు, ఎడం చేత్తో పట్టుకుని. వేళ్ళు వణుకుతున్నాయి, అయినా వదలడం లేదు. కాఫీ తాగుతారా అని అడిగి వచ్చేశాను.

ఆయనకి ఆ రోజే లేదు. లేని రోజుని తీసుకెళ్ళి చేతిలో పెట్టడం న్యాయమా? నిజం చెప్పడం ఆయన కోసమా, నా కోసమా? నా కోసమే అనిపిస్తుంది. అయితే చెప్పకపోవడం ఎవరి కోసం? అదీ నా కోసమే.

ఆగస్టు 19

జ్ఞానప్రకాశం కొత్త ఎక్సర్‌సైజు ఇచ్చారు. దుప్పటి మడత పెట్టడం. ఇద్దరు కావాలి, చెరో రెండు కొసలు. మేడమ్, రోజుకి పది దుప్పట్లు, మీరూ రాజు గారూ, ఫ్రీగా వ్యాయామం, ఇంట్లో బీరువా కూడా సర్దుకుపోద్ది, అన్నారు.

బేబీ, నువ్వు పట్టుకో, నాకు పేపర్లు దిద్దుకోవాలి, అన్నాను.

బేబి నావంక ఒక్క క్షణం చూసి, చేతులు తుడుచుకుని వచ్చింది. హాల్లోకి వచ్చి కూర్చున్నాను. ముందు గదిలో బేబి అంటోంది, అయ్యగారూ, ఆ కొస జారిపోతందండి, గట్టిగా పట్టాలండి, మాకు పెళ్ళిలో కొంగు ముడేసినట్టు. పది దుప్పట్లు. పది సార్లూ విన్నాను.

ఆగస్టు 26. సాయంత్రం 6.15

వరసగా రాయాలి. ఈసారి ఉన్నది ఉన్నట్టు.

రేపు వినాయక చవితి. బేబి పుట్టింటికి వెళ్ళింది. అత్తగారు వెనక గదిలో పత్రి ఏరుకుంటున్నారు. ఆయన దుప్పటి పట్టుకుని గుమ్మంలో నిలబడి, సత్య గారూ, మీరు పట్టుకుంటారా, అని అడిగారు.

పట్టుకున్నాను. రెండు కొసలు నావి, రెండు ఆయనవి. ఎడం చేతి వేళ్ళు ఒక్కొక్కటే మూసుకున్నాయి. ఎత్తాం. ఎదురుగా నడిచారు, కాలు కొద్దిగా ఈడుస్తూ. నేనూ నడిచాను. గది మధ్యలో నా వేళ్ళకి ఆయన వేళ్ళు తగిలాయి. నా కొసలు ఆయనకి అందించాలి. అందించలేకపోయాను.

చెప్పాను. ఆ రోజు మీరు పైనుంచి పిలిచారు. రెండుసార్లు. నాకు వినపడింది. నేను రాలేదు.

ఆయన కొసలు వదల్లేదు. దుప్పటి వంకే చూస్తున్నారు.

రెండు కాదండి, అన్నారు. మూడు.

తరవాత, ఇంకో మడత ఉందండి, అన్నారు. ఇద్దరం ఆ మడత పెట్టాం. మంచం మీద పెట్టి, పక్కన ఆయన కూర్చున్నారు. నేను నిలబడే ఉన్నాను.

ఆ శనివారం జూలైలో ముక్కలు ముక్కలుగా గుర్తుకొచ్చిందట. ముందు పంచె మీద చినుకులు పడ్డ చప్పుడు. తరవాత బల్ల మీద గ్లాసు. తరవాత కాకినాడ. ఈ రోజు ఇరవై ఆరు కదండి, ఇంకా ఆరు రోజులుంది, అన్నారు. మెట్లు పదిహేడు దాకా వచ్చాను. పందొమ్మిదీ ఎక్కి దిగితే ఇక నన్ను ఎవరూ పట్టుకోనక్కర్లేదని మీకు తెలుస్తుంది. జాలితో మీరు ఆగిపోకూడదు కదండి.

రోజూ తేదీ అడిగింది అందుకు.

మరి మూడోసారి నాకెందుకు వినపడలేదు, అని అడిగాను.

మూడోసారి మెల్లగా పిలిచానండి, అన్నారు. మీకు వినపడకుండానే. మూడుసార్లు పిలిచాను, రాలేదు, అని నాకు నేను చెప్పుకోవడానికి ఉంటుందని. అప్పటికే ఒక్కణ్ణే ఎత్తాలని అనుకున్నాను. ఒక్కణ్ణే మోసుకుని కిందికి తెచ్చి మీ ముందు పెట్టాలని. వదిలేస్తే తడిసేవి, అంతే కదా. గోడ కొట్టించింది నేనే, మిమ్మల్ని అడక్కుండా. లేదన్న సంగతి కోపంలో మర్చిపోయింది నేనే.

కోపమా, అన్నాను. మీరు మంచిదండి అన్నారు.

ఇంకో మాట రాలేదండి, అన్నారు.

అప్పుడు కూర్చున్నాను. మా ఇద్దరి మధ్యా మడతపెట్టిన దుప్పటి. అత్తగారు లోపల్నుంచి, ఏమ్మా, దీపాలు పెట్టే వేళయింది, అని పిలిచారు. ఒకసారికే లేచాను.

ఆగస్టు 28

రెండు రోజులుగా ఒకటే ఆలోచన. డాక్టరు, పడడానికి ముందు గంటలు తిరిగి రావని చెప్పారు. తారీకు ఆయన జూన్‌లో కిటికీలోంచి విని ఉండవచ్చు. నేను సెప్టెంబరు ఒకటి అని గట్టిగానే అన్నాను. కాకినాడ అన్న మాటా అప్పుడే విని ఉండవచ్చు. కానీ గ్లాసు? గ్లాసు సంగతి నేనెవరికీ చెప్పలేదు. ఈ పేజీలకి తప్ప.

డైరీ ఆయన గదిలో బల్ల మీదే ఉంటుంది. ఆయనదే కదా మరి.

అంటే మూడో పిలుపు ఉందో లేదో నాకు తెలీదు. నేను ఒక్కదాన్నే మోస్తుంటే చూడలేక రెండు కొసలు ఆయన అందుకున్నారేమో. మర్యాద కోసం ఆయన అంత అబద్ధమూ ఆడగలరు. లేదా అన్నీ నిజమే కావచ్చు. మెల్లగా పిలిచిన పిలుపుకి సాక్ష్యం ఉండదు.

అడిగితే చెబుతారు. అడగను. ఇప్పుడు అడగకుండా ఉండడం నా వంతు.

ఇది చదువుతున్నారా? చదువుతుంటే చదవండి. డైరీ ఇక్కడే పెడుతున్నాను.

ఆగస్టు 30

సాక్ష్యం కాదు గానీ, బేబిని అడిగాను. ఆ రోజు అయ్యగారు ఎన్నిసార్లు పిలిచారు బేబీ?

లెక్క పెట్టలేదండి, అంది. లెక్కలు పెట్టుకుంటే సంసారాలు సాగుతాయాండి?

అత్తగారికి కూడా చెప్పాను. విన్నాను, వెళ్ళలేదు, అని. ఆవిడ లేచారు. తరవాత ఊట జాడీ గుడ్డ విప్పి, బేబీ, గిన్నె తెచ్చుకో, అన్నారు. నాతో ఈ రోజు ఇంకేమీ మాట్లాడలేదు.

సెప్టెంబరు 1. కాకినాడ

చేరాను. సాయంత్రం ఫోన్ చేశారు. తేదీ అడగలేదు. అక్కడ ఎలా ఉందండి, అని అడిగారు. చెప్పాను. ఇంకా, అన్నారు. ఇంకా చెప్పాను.

నవంబరు 16. భీమవరం

కాకినాడ తీసుకెళ్ళిన డైరీని మొదటి వారమే తెచ్చి మళ్ళీ ఈ ఇంట్లోనే ఉంచాను. శుక్రవారం రాత్రికి వస్తాను, సోమవారం తెల్లవారుజామున వెళతాను. వస్తానో లేదో తెలీదు అన్నదాన్ని, ఒక్క వారమూ మానలేదు. ఇది ప్రేమా, అప్పు తీర్చడమా అని రైల్లో ప్రతి వారం అనుకుంటాను. సామర్లకోట దాటేసరికి నిద్ర పడుతుంది.

ఎడం కాలు కొంచెం ఈడుస్తారు. ఇక అంతేనన్నారు. చెరువుల మీదికి బుల్లియ్య బండి మీద వెనక కూర్చుని వెళుతున్నారు. అత్తగారు నాతో అక్టోబరు దాకా ముభావంగా ఉన్నారు. పోయిన వారం, కాకినాడలో కాజాలు దొరుకుతాయి కదా, ఉత్త చేతులతో వస్తావేంటి, అన్నారు.

అడగడం ఇంకా పోలేదు. కొన్నిసార్లు మర్చిపోతారు. నేను, అడగలేదు, అంటాను. నొచ్చుకుని, నిజమేనండి, అని మళ్ళీ మొదటినుంచి చెబుతారు. నేను మాత్రం మునుపు పూర్తిగా చెప్పానా? నెల రోజులు బస్సులో కూర్చుకుని, నిర్ణయమైపోయాక, బల్ల దగ్గర మర్యాదగా చెప్పాను. ఈ సంగతి ఇన్నాళ్ళకి ఈ పేజీలో కనపడింది.

మే 10, ఆదివారం. మధ్యాహ్నం 3.55

పైన మాగాయ ముక్కలు, రెండో ఎండ. గుండెల దాకా గోడ. తూర్పున మబ్బు. ఆయన ముందే ఎక్కారు, పందొమ్మిది మెట్లు. చినుకు.

పిలుస్తున్నారు. ఒకటి.